ఎలుగు

ఆ పుస్తకానికి అట్ట లేదు.
ఏ దేశపు పాత స్వెట్టర్ల పెట్టెలోనో పడి
కలరా ఉండల వాసనతో
కాజీపేట హాస్టల్‌కి చేరింది.

కరెంటు పోయిన రాత్రుల్లో
దీవెనమ్మ టీచర్ లాంతరు ఒత్తి తగ్గించి
ఇంగ్లీషు కళ్లతో చదివి
తెలుగు నోటితో చెప్పేది.
మధ్యలో గూడ్సు బండి వచ్చిందంటే
కథలోని ఊరు ఊరంతా
ఆఖరి డబ్బా దాటేదాకా
ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడేది.

కథలో ఒక వంతెన. వంతెన మీద ఒక సుంకరి.
చెప్పకుండా దాటిన పిల్లవాడి పేరు
వాడి చిట్టాలో ఎక్కింది.
ఆ బాకీ తీర్చడానికి
అడవిలోంచి ఎలుగు వచ్చింది.

ఎలుగుబంటి అనలేదు టీచర్.
ఎలుగు, అంతే.
ఎలుగంటే గొంతు కూడా అని
నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

వంతెన మీదే దాని తోలు వలిచారు.
అది అరవలేదు.
గుహలో పడేసి బండ దొర్లించారు.
మూడో పొద్దున పిల్లలు వెళ్లి చూస్తే
బండ పక్కకుంది, లోపల ఎవరూ లేరు,
నేల మీద ఒక తేనెపట్టు,
ఇంకా కారుతూ.

ఆదివారపు బడిలో నేను ఫస్టు.
వాక్యాలు అంకెలతో సహా అప్పజెప్పేదాన్ని.
బండ, మూడో దినం, బాకీ, అరవకపోవడం,
లెక్క కుదిరింది, శేషం సున్నా.
చెయ్యెత్తాను:
"టీచర్, అదెవరో నాకు తెలిసిపోయింది!"
"తెలిస్తే మంచిదే. పేరు మాత్రం చెప్పకు.
పేరు పెట్టి పిలిస్తే
కథ లేచి వెళ్లిపోతుంది."

అప్పుడు పొడెం లచ్చక్క,
తాడ్వాయి అవతలి గూడెం పిల్ల,
చాప మీద పడుకునే అడిగింది.
"మా నాయిన కన్ను తీసింది ఎలుగే గద టీచర్.
ఇప్పపూలు ఏరవోతే మీద వడ్డది.
సగం మొకం లేదు మా నాయినకు.
గసొంటిది నాకోసం ఎట్ల సస్తది?"

లాంతరు గాజుకి ఒక పురుగు
టిక్కు టిక్కుమని కొట్టుకుంది.
టీచర్ పుస్తకం మూయలేదు. చదవనూ లేదు.
నాకొచ్చిన వాక్యాలన్నీ తిరగేశాను,
ఏ అంకె కిందా జవాబు దొరకలేదు.

శుభ శుక్రవారం. మూడు గంటలు, ఏడు మాటలు,
తొడలకి అతుక్కుపోయే చెక్క బెంచీ.
ఆయన గొప్ప శబ్దముతో కేక వేసి
ప్రాణము విడిచెను అని అయ్యగారు చదువుతుంటే
లచ్చక్క నా మోచెయ్యి గిల్లింది.
"ఈన అరిసిండు గదనే."
అవునని తలూపాను. ఆ మాట
అంతకుముందు వందసార్లు అప్పజెప్పాను,
వినడం అదే మొదలు.

పునరుత్థానపు ఆదివారం
హాస్టల్ గేటు దగ్గర ఒకాయన.
వాచ్‌మన్ లోపలికి రానియ్యలేదు,
చిన్నపిల్లలు జడుసుకుంటారని.
కన్నుండాల్సిన చోట
కుట్టిన సంచి మూతిలా ముడుచుకున్న తోలు.
చేతిలో టేకాకుల పొట్లం.

లచ్చక్క ఉరికిపోయి
గేటు ఊచల్లోంచి చెయ్యి పెట్టి
ఆ తోలు మీదే రాసింది,
గడప పొడుచుకున్నంత మామూలుగా.
దీవెనమ్మ టీచర్ తన కుర్చీ తనే మోసుకొచ్చి
గేటు తీయించింది.

నేనూరుకోలేదు, అడిగేశాను:
"తాతా, ఆ ఎలుగును సంపినవా?"
"దానికి పిల్లలుండె బిడ్డా," అన్నాడు,
"దాని తొవ్వల నేనే అడ్డంబోయిన."

నీళ్లు తాగి పొట్లం విప్పాడు.
"దోస్తులకు వెట్టు లచ్చీ, అందరికి రావాలె."
తేనెపట్టు. గదులు గదులుగా,
అక్కడక్కడా ఈగ రెక్కలు అంటుకుని.

నా ముక్క నా దోసిట్లో పడింది.
తేనె మణికట్టు దాటి
మోచేతి దాకా కారుతుంటే
నాకేదో తెలిసినట్టయింది.

చెయ్యెత్తలేదు.